మందు డబ్బా మీది ఎర్ర రంగు మా బాపుకు "గట్టి మందు" అని చెప్పింది. బొమ్మలు మనల్ని ఎలా ఒప్పిస్తాయి?

పరకాల_పత్తిచేను | ఆగస్టు 17, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

పోయిన నెల మా బాపు పత్తికి మందు కొట్టి వచ్చి, తల తిరుగుతోందని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్లంతా చెమటలు, వాంతులు, కళ్లు మసకలు. వెంటనే హన్మకొండ తీసుకుపోయాం. అక్కడ డాక్టర్ అడిగిన మొదటి మాట, "మందు డబ్బా తెచ్చారా?" అని. విరుగుడు ఏమివ్వాలో దాని మీద ఉంటుందట. మా తమ్ముడు బండి మీద మళ్లీ ఊరికి పోయి పట్టుకొచ్చాడు. రెండు రోజులకు ఇంటికి పంపారు. ఇప్పుడు బాపు బాగానే ఉన్నాడు.

ఆ రెండు రోజులు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఆ డబ్బానే చూస్తూ ఉన్నాను. ముందువైపు నిండా తెల్లగా పగిలిన పత్తికాయ. ఒక్కో రెక్క దూదిపింజలా పొంగి ఉంది. వెనక నీలి ఆకాశం. కింద మూలన, నా బొటనవేలి గోరంత జాగాలో, కోణం మీద నిలబెట్టిన చతురస్రం. పై సగంలో పుర్రె, ఎముకలు, ఎర్ర అక్షరాల్లో "పాయిజన్" అనే మాట. కింది సగం మొత్తం ఎరుపు.

"బాపూ, ఇది కనబడలేదా?" అని అడిగాను. బాపు అన్న మాట ఇది: "ఎందుకు కనబడలే? ఎర్రది చూసే తెచ్చిన. ఎర్రదైతే గట్టిగ పనిచేస్తది. పచ్చది టానిక్ అసోంటిది, దానికి పురుగు చావది."

బాపు ఏడో తరగతి దాకా చదివాడు, రోజూ పేపర్ చదువుతాడు. ఆ గుర్తును చూశాడు, అర్థం కూడా చేసుకున్నాడు. కాకపోతే పెట్టినవాళ్లు అనుకున్నదానికి పూర్తిగా తలకిందులుగా. ప్రమాదం అని చెప్పాల్సిన బొమ్మే కొనమని చెప్పింది. ఇది ఎలా జరుగుతుంది?

వచ్చే నెల మా రైతు వేదికలో ఒక నలభై మందికి దీని గురించి చెప్పాలనుకుంటున్నాను. ఏ బొమ్మ చూపించాలో తెలియడం లేదు. బొమ్మల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

ఏఈవో_అక్క_ములుగు | ఆగస్టు 17, రాత్రి 10:15

తమ్మీ, ముందు బాపు జాగ్రత్త. డాక్టర్ సరే అనేదాకా మందు కొట్టే పని దగ్గరికి పోనివ్వకు.

ఆ గుర్తు 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం పెట్టేది. కింది త్రికోణం ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే దానికంటే ఒక మెట్టు తక్కువ, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చ అయితే స్వల్పం. పుర్రె బొమ్మ ఒక్క ఎర్రదాని మీదే ఉంటుంది. పసుపు మీద "పాయిజన్", నీలం మీద "డేంజర్", పచ్చ మీద "కాషన్" అని రాస్తారు. జంతువుల మీద పరీక్ష చేసినప్పుడు వాటిలో సగం చనిపోయే మోతాదును బట్టి ఈ రంగులు పెట్టారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఎరుపులో కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే, పచ్చలో 5000 పైన. అంటే మనిషికి ఎంత ప్రమాదమో ఈ రంగు చెబుతుంది. పురుగు ఎంత చస్తుందో దీంట్లో ఎక్కడా లేదు. పచ్చ త్రికోణం ఉన్న కొత్త మందుల్లో కాయతొలుచు పురుగు మీద బాగా పనిచేసేవి ఉన్నాయి.

కానీ వ్యవసాయ విస్తరణ అధికారిగా (ఏఈవో) నేను తిరిగే ఊళ్లలో బాపులా అనుకునేవాళ్లే ఎక్కువ. ఎరుపు అంటే గట్టిది. పచ్చ అంటే పైరు పచ్చబడే మందు. నీలం అంటే మైలుతుత్తం గుర్తొస్తుంది, తెగుళ్ల మందు అనుకుంటారు. ప్రతి రంగుకూ మన రైతు దగ్గర ముందే ఒక అర్థం ఉంది, అదీ సొంత అనుభవం నుంచి వచ్చింది. పైనుంచి వచ్చిన అర్థం ఆ పాత అర్థాన్ని తోసేయలేకపోయింది.

ఇంకోటి. లేబుల్ ముందుభాగంలో ఆ గుర్తు పదహారో వంతుకు తగ్గకుండా ఉండాలని నిబంధన. తగ్గకుండా అంటే సరిగ్గా అంతే పెట్టి ఊరుకుంటారు. మిగతా పదిహేను వంతులూ కాయ బొమ్మవే.

సుబేదారి_రిటైర్డ్ | ఆగస్టు 17, రాత్రి 10:50

మీ నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం బాబూ. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బొమ్మల మీద ఆధారపడటమే తప్పు. ప్రతి డబ్బాతో పాటు కరపత్రం వస్తుంది. అందులో తెలుగులో అన్నీ ఉంటాయి. అది చదివే అలవాటు చేయించండి. బొమ్మకు నాలుగు అర్థాలు రావచ్చు, వాక్యానికి ఒకటే వస్తుంది.

పరకాల_పత్తిచేను | ఆగస్టు 17, రాత్రి 11:04

సార్, ఆ కరపత్రం కూడా చూశాను. ఎన్నో మడతలు పెట్టి డబ్బాకు రబ్బరుబ్యాండుతో కట్టి ఉంది. విప్పితే మూడు భాషల్లో, ఆవగింజ కంటే చిన్న అక్షరాలు. నాకే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేస్తే గానీ చదవరాలేదు. చేనులో, ఎండలో, చేతికి మందు అంటి ఉన్న మనిషి అది ఎట్లా చదువుతాడు?

ఫ్లెక్స్_కాజీపేట | ఆగస్టు 18, ఉదయం 7:30

పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నా. పెళ్లిళ్లు, లీడర్ల పుట్టినరోజులు, విత్తనాల షాపుల పోస్టర్లు, అన్నీ. ఆ కాయ బొమ్మ గురించి నాకు తెలిసింది ఉన్నదున్నట్టు చెబుతా.

కాయను దగ్గర నుంచి తీస్తాం. పక్కన చెయ్యి గానీ, ఆకు గానీ, ఇంకే వస్తువు గానీ రానివ్వం. పక్కన చెయ్యి ఉంటే కాయ ఎంతుందో తెలిసిపోతుంది. లేకపోతే చూసేవాడు ఎంత పెద్దదనుకుంటే అంత పెద్దది. చెట్టు పొడవుగా కనబడాలంటే కెమెరా నేల దగ్గర పెట్టి పైకి తీస్తాం. రైతును చెట్టు వెనక నిలబెట్టం, కొద్దిగా వంగమంటాం లేదా కూర్చోబెడతాం. భుజం దాకా చెట్టు వచ్చినట్టుంటుంది. తెలుపును ఇంకాస్త తెల్లగా లాగుతాం, వెనక ఆకాశాన్ని ఇంకాస్త నీలం చేస్తాం. నీలం పక్కన తెలుపు మెరుస్తుంది.

ఇందులో ఎక్కడా "ఈ విత్తనం వేస్తే ఇంత కాయ వస్తుంది" అని ఒక్క మాట రాయం. రాస్తే రేపు పంట పోయినప్పుడు రైతు ఆ కాగితం పట్టుకుని వచ్చి నిలదీస్తాడు. బొమ్మ పెడితే నిలదీయడానికి ఏముంది? "మేం అట్లా అన్నామా?" అంటారు. పెద్ద మాటలన్నీ బొమ్మతో చెప్పి, చిన్న మాటలు అక్షరాలతో చెప్పడం మా పనిలో మొదట నేర్పే పాఠం.

మూడేళ్ల కింద ఒక షాపాయన కోసం అట్లాంటి పోస్టరే చేశా. మా చిన్నాయిన అదే విత్తనం తెచ్చాడు. ఆ ఏడు వానలు ఎక్కువై గూడ (పత్తి మొగ్గ) రాలింది, కాయ నిలవలేదు. పోస్టర్ వల్లే కొన్నాడని చెప్పను, కానీ ఆ బొమ్మ గురించి నాతో గొప్పగా చెప్పాడు, నేను చేసిందని తెలియక. అప్పటి నుంచి కాయ పక్కన చెయ్యి పెడతానని అడుగుతున్నా. ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకోలేదు.

నీ రైతు వేదికకు ఏం కావాలన్నా ప్రింట్ నేను వేసిస్తా తమ్మీ. పైసలు వద్దు.

సినిమా_నర్సంపేట | ఆగస్టు 18, ఉదయం 8:12

మందు డబ్బా మీద కాయ బొమ్మ పెట్టడం గురించి ఒక మాట. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే సినిమా దర్శకుడు వందేళ్ల కింద ఒక ప్రయోగం చేశాడు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ఒకటే షాట్. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటికలో పాప, ఒకసారి ఒక స్త్రీ. చూసినవాళ్లు అదే ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక కనబడ్డాయన్నారు. రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే నడుమ ఉన్న మాటను మన మనసే అల్లుకుంటుంది. డబ్బా, కాయ పక్కపక్కన ఉంటే "దీనివల్లే అది" అనేది మనమే మనకు చెప్పుకుంటాం. సొంతంగా అనుకున్న మాట కాబట్టి గట్టిగా నమ్ముతాం.

కోరుట్ల_బిడ్డ | ఆగస్టు 18, మధ్యాహ్నం 1:20

ఏఈవో అక్క చెప్పిన పదహారో వంతు చదివి ఆగిపోయాను. మా దగ్గర దీనికి పూర్తిగా వ్యతిరేకం. బీడీ, సిగరెట్ ప్యాకెట్ల మీద 2016 ఏప్రిల్ నుంచి హెచ్చరిక బొమ్మ రెండు వైపులా 85 శాతం జాగాలో ఉండాలి. పుండు పడిన గొంతు, నోరు, చూడలేం. మరి దానివల్ల భయం పుట్టిందా అంటే, మొదట్లో పుట్టింది. మా పెదనాయన ప్యాకెట్ జేబులో పెట్టుకునేటప్పుడు బొమ్మను లోపలికి తిప్పి పెట్టుకునేవాడు. కొన్నాళ్లకు తిప్పడం కూడా మానేశాడు. రోజూ చూసే పుండు కళ్లకు అలవాటైపోయింది.

పుర్రె కూడా అంతే కావచ్చు. ప్రతి ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాడ "అపాయం" అని పుర్రె బొమ్మ రేకు ఉంటుంది. మోటరు ఆగిపోయినప్పుడు మన రైతులు రాత్రిపూట అదే పుర్రె కింద నిలబడి ఫ్యూజు వేస్తారు. పుర్రె పక్కన నిలబడి వందసార్లు బతికి వచ్చిన మనిషికి ఆ బొమ్మ ఏం చెబుతుంది?

నా మనసులో ఇంకొకటి ఉంది. మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం కట్టి, కార్ఖానాకు ఇచ్చేది. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది, వేళ్లు వంకరపోయాయి. ప్యాకెట్ మీద పాత రోజుల నుంచీ ఓనర్ బొమ్మ చూశాను, ఇప్పుడు రోగి బొమ్మ చూస్తున్నాను. మా అమ్మ చేతుల బొమ్మ ఎన్నడూ చూడలేదు. బొమ్మ ఏం చూపిస్తుందో దాని గురించే మాట్లాడుకుంటాం. ఎవర్ని చూపించదో వాళ్లు ఆ కథలోనే లేనట్టు అయిపోతారు.

బడిపంతులు_హన్మకొండ | ఆగస్టు 18, సాయంత్రం 6:45

చాలా మంచి చర్చ. సుబేదారి సార్ అన్న మాటను కొంచెం ముందుకు తీసుకెళ్తాను.

రోలాన్ బార్త్ అనే ఫ్రెంచి విమర్శకుడు 1964లో ఒక పాస్తా ప్రకటనను పట్టుకుని విడదీసి చూపించాడు. బజారు నుంచి తెచ్చిన జాలిసంచి తెరుచుకుని ఉంటుంది. అందులోంచి పాస్తా ప్యాకెట్లు, టమాటాలు, ఉల్లిగడ్డ, క్యాప్సికమ్ బయటికి కనబడుతుంటాయి. ఎరుపు మీద పసుపు, పచ్చ రంగులు. చూడగానే "తాజాది", "ఇటలీది" అనిపిస్తుంది. ఆయన చెప్పిన అసలు సంగతి ఏమిటంటే, ఆ "ఇటలీతనం" ఫ్రాన్సు వాళ్లకే కనబడుతుంది. ఇటలీలో పుట్టినవాడికి అవి వట్టి టమాటాలే. అంటే అర్థం కాగితం మీద లేదు. చూసేవాడు వెంట తెచ్చుకున్నాడు.

మన దగ్గరి సంగతే చూడండి. కారం ప్యాకెట్ మీద ఎర్రగా నిగనిగలాడే మిరపకాయ ఉంటే నాలుక మండినట్టే అనిపిస్తుంది. కానీ 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాట మిర్చి, అదే టమాట మిర్చి, రంగులో అంత ఎరుపు, కారం మాత్రం తక్కువ. రంగు కోసమే దాన్ని కొంటారు. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి చూసేవాళ్లకు ఈ తేడా తెలుసు, పట్నంలో ప్యాకెట్ కొనేవాళ్లకు తెలియదు. ఒకటే ఎరుపు, ఇద్దరికీ చెరో అర్థం.

కాకతీయ కళాతోరణం కూడా అంతే. కోటలో స్వయంభూ గుడి పోయింది, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మిగిలాయి. తలుపు లేదు, గోడ లేదు. మనకు ఆ రెండు స్తంభాలు, అడ్డదూలం గీసి చూపిస్తే చాలు, ఓరుగల్లు అంటాం. 2014లో అది రాష్ట్ర చిహ్నంలోకి వెళ్లింది. 2024లో చిహ్నం మార్చే ప్రతిపాదన వచ్చినప్పుడు మన దగ్గర ఎంత బాధపడ్డారో గుర్తుందిగా. రాయి పోలేదు, కోటలో తోరణం ఎక్కడిదక్కడే ఉంది. అయినా కాగితం మీది గీత పోతుందంటే మనిషి కదిలిపోయాడు.

సార్, మీరన్నట్టు బొమ్మకు చాలా అర్థాలు ఉంటాయి. దీనికి బార్త్ లంగరు పోలిక చెబుతాడు. పక్కన రాసిన మాట లంగరులాంటిది, బొమ్మను ఒక అర్థం దగ్గర కట్టి ఉంచుతుంది. మందు డబ్బా మీద ఎరుపు పక్కన "మనిషికి విషం" అని తెలుగులో పెద్దగా ఉంటే బాపు దాన్ని "గట్టి మందు" అనుకునేవాడు కాదేమో.

సుబేదారి_రిటైర్డ్ | ఆగస్టు 18, రాత్రి 8:05

లంగరు పోలిక నచ్చింది పంతులుగారూ. నేను అడిగేదీ అదే. మాట లేని బొమ్మను ఎలా నమ్మమంటారు?

ఆర్మూర్_పసుపు | ఆగస్టు 18, రాత్రి 9:30

సార్, మాట లేని బొమ్మను నమ్మే ఈ దేశంలో ఓటు మొదలైంది. 1951–52 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. చదువు రానివాళ్లు గుర్తు చూసే ఓటు వేశారు. తర్వాత చాలా గుర్తులు ఎన్నికల సంఘంలో పనిచేసిన ఎం.ఎస్. సేథీ అనే చిత్రకారుడు పెన్సిల్‌తో గీసినవి. మొన్నమొన్నటి దాకా మన రాష్ట్రంలో కారు, రోడ్డు రోలర్ గుర్తులు ఒకేలా ఉన్నాయన్న గొడవ ఎంత నడిచిందో తెలుసు కదా. చిన్న బొమ్మలో నాలుగు గీతలు అటూ ఇటూ అయినా ఓటు తారుమారవుతుందన్న భయం అది.

మా నిజామాబాద్ కథ మీకు గుర్తుండే ఉంటుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో 185 మంది నిలబడ్డాం, అందులో 178 మంది రైతులం. పసుపు బోర్డు కావాలి, ధర కావాలి. అందరికీ గుర్తులు ఇచ్చారు. నిజం చెబుతున్నా, మా ఊరివాళ్ల గుర్తులు మాకే గుర్తులేవు. ఒక్కో గుర్తుగా చూస్తే అవి ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ పోలింగ్ బూత్‌లో పన్నెండు యంత్రాలు వరుసగా పెట్టాల్సి వచ్చింది. ఆ వరుస ఫోటో దేశమంతా తిరిగింది. మేం ఎన్ని వినతిపత్రాలు రాసినా రాని మాట ఆ ఒక్క ఫోటోతో వచ్చింది. దాని కింద ఏ రాత లేకపోయినా "వీళ్లకు ఏదో గట్టి బాధ ఉంది" అని తెలిసిపోతుంది. 2025 జనవరిలో నిజామాబాద్‌లో పసుపు బోర్డు మొదలైంది. అది ఆ ఫోటో వల్లే అనను, చాలామంది చాలా ఏళ్లు కొట్లాడారు. కానీ బయటివాళ్లను అడిగితే మా పోరాటంలో ఇప్పటికీ గుర్తుంది ఆ యంత్రాల వరుసే.

పటం_కథ | ఆగస్టు 19, ఉదయం 6:10

మాది చేర్యాల పక్క ఊరు. పాత వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. రాత్రి మీ పోస్టులన్నీ చదివాను. మీరు వెతుకుతున్నది మన దగ్గరే ఉంది.

చిన్నప్పుడు మా పద్మశాలి వాడకు కూనపులివాళ్లు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. పటం వేలాడదీసి, పైనుంచి ఒక్కో అంకం విప్పుకుంటూ, కట్టెతో చూపిస్తూ పాడేవాళ్లు. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూత పూస్తారు. అది ఆరాక నకాశీలు (పటం గీసే చిత్రకారులు) బొమ్మలు గీసి, వెనక నేలంతా ఎరుపు నింపుతారు. కొన్ని పటాలు నలభై, యాభై అడుగుల పొడవు ఉండేవి. అంకానికి అంకానికి నడుమ పూల అంచు.

ఇక్కడ ఎరుపు ప్రమాదం కాదు, గట్టిదనం కాదు. అది కథ జరిగే నేల. ఆ ఎరుపు విప్పుకోగానే పిల్లలం నోరు మూసుకుని కూర్చునేవాళ్లం.

నాకు బాగా గుర్తున్నది ఒక అంకం. బాల మార్కండేయుడు శివలింగాన్ని కౌగిలించుకుని ఉంటాడు, యముడు పాశం విసురుతుంటాడు. యముడు పెద్దగా, పిల్లవాడు చిన్నగా. మా అవ్వ అక్కడికి రాగానే ఏడ్చేది, ప్రతిసారీ. కథ చెప్పేవాళ్లు కట్టె ఆ పిల్లవాడి చేతుల మీద పెట్టి కాసేపు ఆగేవాళ్లు. అందరి కళ్లూ ఆ చేతుల మీదే ఉండేవి. బొమ్మ అప్పటికే ముందు ఉంది, కానీ ఎక్కడ చూడాలో, ఎంతసేపు చూడాలో ఆ కట్టె చెప్పేది. పంతులుగారు చెప్పిన లంగరు మన దగ్గర అక్షరం కాదు. ఒక మనిషి, అతని చేతిలో కట్టె. సుబేదారి సార్‌కు నా జవాబు కూడా అదే.

ఇంకోటి చూడండి. ఒక్కో కులానికి ఒక్కో పటం ఉండేది. గొల్లలకు మందెచ్చులవాళ్లు, గౌడులకు గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు కాకి పడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు చెప్పేవాళ్లు. చూసేవాడికి అందులో తన పుట్టుక కనబడేది. పరాయి కథ అయితే వినోదం, తన కథ అయితే ప్రమాణం. మనిషి మారకుండా అదే మనిషి ప్రతి అంకంలో మళ్లీ మళ్లీ వస్తాడు, అదే బట్టలు, అదే రంగు. అందుకే చదువు రానివాళ్లు కూడా కథలో దారి తప్పరు.

పరకాల అన్నా, ఒక్క బొమ్మ చూపించకు. పటం చూపించు. అందులో మనిషి మీ బాపే ఉండాలి.

ఏఈవో_అక్క_ములుగు | ఆగస్టు 19, ఉదయం 9:00

ఈ మాట చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక హెచ్చరిక మాత్రం. గీసినదాన్ని ముందు ఊళ్లో ఎవరికైనా చూపించి "ఏం కనబడుతోంది?" అని అడగండి. మీరు ఏమీ చెప్పకండి. పోయిన ఏడు మేం మందు కొట్టేటప్పుడు నీళ్లు తాగొద్దని ఒక పోస్టర్ వేశాం. నీళ్లు తాగే మనిషి బొమ్మ మీద ఎర్రగా ఇంటు గుర్తు. ఒక అవ్వ చూసి "ఆ మనిషి మీద రెండు కట్టెలు ఎందుకు అడ్డం పెట్టిన్రు?" అని అడిగింది. బడిలో పలక మీద తప్పు కొట్టించుకున్నవాళ్లకే ఆ ఇంటు గుర్తు "వద్దు" అని తెలుస్తుంది. బడికే పోని మనిషికి ఎట్లా తెలుస్తుంది?

భయపెట్టే అంకంతో ఆపొద్దు. ఒంటికి పడితే ఏం చేయాలి, ఎక్కడికి పోవాలి అన్నది కూడా ఉండాలి. దారి చూపకుండా భయపెడితే మనిషి కళ్లు తిప్పుకుంటాడు, కోరుట్ల చెల్లె పెదనాయనలా.

పరకాల_పత్తిచేను | ఆగస్టు 19, రాత్రి 8:40

పటమే చేద్దాం. బాపును అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నా ఆకుపచ్చ రుమాలు కూడా గీయమను, అది లేకుంటే నేను కాను" అన్నాడు.

ఫ్లెక్స్_కాజీపేట | ఆగస్టు 19, రాత్రి 8:55

మూడు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు వేద్దాం. ఆరు అంకాలు. పటం_కథ అన్నా, గీతలు నువ్వు గీసి పంపు, నేను స్కాన్ చేసుకుంటా. మొదటి అంకంలో డబ్బా బొమ్మ వస్తుంది కదా, కంపెనీ పేరు లేకుండా చేస్తా. పత్తికాయ పక్కన చెయ్యి పెడుతున్నా.

పటం_కథ | ఆగస్టు 19, రాత్రి 9:20

తప్పకుండా. నేల ఎరుపు వేద్దామా అని ఆలోచిస్తున్నా. అందులో ఎర్ర త్రికోణం కలిసిపోతుంది. నేల పసుపుపచ్చ వేసి, ఎరుపును త్రికోణానికి ఒక్కదానికే ఉంచుదాం. పటం మొత్తంలో ఇంకెక్కడా ఎరుపు రావొద్దు.

పరకాల_పత్తిచేను | సెప్టెంబర్ 14, రాత్రి 10:30

ఇవాళ అయింది. అందరికీ చెప్పాలని కూర్చున్నాను.

నలభై మంది అనుకున్నాం, అరవై దాకా వచ్చారు. నేను మొదలుపెట్టి రెండు మాటలు చెప్పగానే బాపు లేచి నా చేతిలో కట్టె తీసుకున్నాడు. ఇట్లా చేస్తాడని ముందు అనుకోలేదు. ముల్లుగర్రలాంటి కట్టె అది, మా పశువుల కొట్టంలోది.

మొదటి అంకంలో కాయ దగ్గర ఆగి, "ఇగో, పక్కన చెయ్యి చూడు. మన కాయ ఇంతే ఉంటది. డబ్బా మీద చెయ్యి ఉండదు" అన్నాడు. వెనక నుంచి ఎవరో "అవును గదా" అన్నారు. ఎర్ర త్రికోణం దగ్గరికి వచ్చాక కట్టె అక్కడ పెట్టి చాలాసేపు ఆగాడు. పటం అన్న చెప్పినట్టు ఎవరూ నేర్పలేదు, తనే ఆగాడు. తర్వాత, "ఇది పురుగుకు గట్టి అనుకున్న. కాదు. ఇది నాకు గట్టి" అని గోడకు ఆనుకుని కూర్చున్న తన బొమ్మను చూపించాడు. ఆ ఆకుపచ్చ రుమాలు చూసి అందరికీ బాపే అని తెలిసింది. ఎవరూ చప్పుడు చేయలేదు. ఇద్దరు ముగ్గురు పక్కవాళ్లను గుసగుసగా అడిగారు, మన డబ్బా ఏ రంగు అని.

చివరి అంకంలో సబ్బుతో కడుక్కోవడం, బట్టలు మార్చడం, డబ్బా పట్టుకుని దవాఖానకు పోవడం. అక్కడ ఏఈవో అక్క మాట్లాడింది. తన పని మానుకుని ములుగు నుంచి వచ్చినందుకు ఆమెకు నా నమస్కారాలు.

అయిపోయాక మా ఊరి ఒక అవ్వ లేచింది. ఆమె అడిగింది మీ అందరికీ చెప్పాలి. "నీళ్లు మోసుడు మేము, డ్రమ్ములో మందు కలుపుడు మేము, మరునాడు అదే చేన్ల కలుపు తీసుడు మేము. గీ పటంల మేమేవి?" ఆరు అంకాల్లో ఒక్క ఆడమనిషి లేదు. కోరుట్ల అక్క ముందే చెప్పింది, అయినా మాకెవరికీ తట్టలేదు.

కోరుట్ల_బిడ్డ | సెప్టెంబర్ 14, రాత్రి 10:52

ఆ అవ్వకు నా దండం చెప్పు తమ్మీ. ఆమె చేతులు గీయండి. డ్రమ్ములో కట్టె పెట్టి తిప్పే చేతులు, మోచేతి దాకా.

పటం_కథ | సెప్టెంబర్ 15, ఉదయం 6:25

ఏడో అంకం గీస్తాను. చివర కలపను, మొదటి అంకం తర్వాత పెడదాం. మందు కలిపేది కొట్టడానికి ముందే కదా.

సుబేదారి_రిటైర్డ్ | సెప్టెంబర్ 15, ఉదయం 8:00

మీ నాన్నగారు ఆ త్రికోణం దగ్గర ఆగిన సంగతి రెండుసార్లు చదివాను. నా మనవడికి చూపించాలి, వీడియో ఉంటే పంపు బాబూ. ఏడో అంకం ప్రింటుకు అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను.

పరకాల_పత్తిచేను | సెప్టెంబర్ 15, రాత్రి 9:15

వీడియో మా తమ్ముడి ఫోన్‌లో ఉంది సార్, రేపు పంపిస్తాను.

ఇంకో సంగతి. రైతు వేదికలో పెడితే మీటింగ్ రోజే చూస్తారు, డబ్బా కొనే కాడ చూడాలి అన్నాడు బాపు. మా ఊళ్లో మందుల షాపాయన దగ్గరికి ఇద్దరం పోయాం. బాపు ఆయన దగ్గరే ఇరవై ఏళ్లుగా ఉద్దెర తెస్తాడు. మొదట ముఖం అదోలా పెట్టాడు. కౌంటర్ వెనక గోడ మీద విత్తనాల కంపెనీ పోస్టర్ ఉంది, దీపావళి దాకా తీయనని మాటిచ్చాడట. కానీ కౌంటర్ పక్కన, తూకం పెట్టే జాగా పైన గోడ ఖాళీగా ఉంది. బాపు అక్కడ నిలబడి చూపుడువేలితో గోడ చూపిస్తే, ఆయన కాసేపు చూసి సరేనన్నాడు.

ఫ్లెక్స్ అన్నా, టేపు పెట్టి కొలిచాను. నాలుగు అడుగుల వెడల్పు, రెండున్నర ఎత్తు. ఏడు అంకాలూ పట్టవు. ఎర్ర త్రికోణం ఉన్నదీ, అవ్వ చేతులు ఉన్నదీ పక్కపక్కన వేసివ్వగలవా?